కొండ మునిగాక... దారేది?

నేల మీద దారి తప్పితే అడగడానికి నలుగురుంటారు. నీళ్ల మీద తప్పితే చుక్కలుంటాయి, గాలి ఉంటుంది, ఇప్పుడైతే జేబులో జీపీఎస్ ఉంటుంది. పేర్లు మారాయి గానీ, సముద్రం మీద మనిషి వేసుకునే ప్రశ్న వేల ఏళ్లుగా ఒక్కటే... ‘ఇల్లు ఎటు?’

అనకాపల్లిలో దారి తప్పడం కష్టం. బెల్లం మార్కెట్టు ఎటో తెలియకపోతే ఏ బండివాణ్ని అడిగినా చెబుతాడు. శంకరం వెళ్లాలంటే ఏ టీకొట్టు ముందు ఆగినా ‘అదిగో, ఆ బొజ్జన్నకొండ వైపు పో బాబూ’ అని చెయ్యి చూపిస్తారు. వీధికో గుర్తు, మలుపుకో గుడి, కూడలికో బోర్డు. నేల మనిషికి ఇన్ని సాయాలు చేస్తుంది.

అదే పట్నం నుంచి పూడిమడక తీరానికి వెళ్తే సంగతి వేరు. అక్కడ నేల ఆగిపోతుంది. దానితోపాటే గుర్తులూ ఆగిపోతాయి. ఎదురుగా బంగాళాఖాతం. దారీ లేదు, మలుపూ లేదు, మైలురాయీ లేదు. పడవ వెళ్లిన జాడ కూడా నిమిషంలో చెరిగిపోతుంది. అయినా ఆ నీళ్ల మీదికి తరతరాలుగా మనుషులు వెళ్తూనే ఉన్నారు. తిరిగి వస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఆశ్చర్యపోవాల్సింది వెళ్లడం గురించి కాదు. గాలి తోస్తే ఎండుటాకైనా వెళ్తుంది. తిరిగి రావడమే విద్య. సముద్రయానం కోసం మనిషి కనిపెట్టినవన్నీ... చిన్న చెక్కముక్క నుంచి ఆకాశంలో తిరిగే ఉపగ్రహం దాకా... ఆ ఒక్క విద్య కోసమే. తిరిగి వస్తానన్న ధీమా ఎంత పెరిగితే మనిషి ఒడ్డు నుంచి అంత దూరం వెళ్లాడు.

కొండే కొలబద్ద

సముద్రం మీద మొదటి పరికరం చేతిలో లేదు, ఒడ్డునే ఉంది. అది కొండ. పడవ లోపలికి వెళ్తున్నకొద్దీ ఒడ్డున ఉన్నవన్నీ ఒక్కసారిగా మాయం కావు. ముందు ఇసుక పోతుంది. తర్వాత ఇళ్లు. ఆ తర్వాత కొబ్బరిచెట్ల తలలు. అన్నిటికన్నా చివర మునిగేది కొండ. భూమి గుండ్రంగా ఉందని బడిలో చదువుకున్న పాఠం, బళ్లోకే వెళ్లని మనిషికి కూడా పడవలో కళ్లెదుటే కనబడుతుంది.

దీనికి లెక్క కూడా ఉంది. పడవలో నిలబడ్డ మనిషి కళ్లు నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుంటే, పదిహేను మీటర్ల కొబ్బరిచెట్టు సుమారు 19 కిలోమీటర్ల దాకానే కనిపిస్తుంది. 300 మీటర్ల ఎత్తున్న కొండ, ఆకాశం తేటగా ఉంటే, 65 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. అంటే కొబ్బరిచెట్లు మునిగి కొండ మాత్రమే మిగిలిందంటే ఒడ్డు ఎంత దూరమైందో మనసులోనే అంచనా కట్టొచ్చు. యారాడ కొండ లాంటిది తీరానికి అంత దగ్గరగా నిలబడి ఉండటం ఉత్తరాంధ్ర మత్స్యకారులకు దేవుడిచ్చిన వరం. ఆ కొండ మీదే 1957 నుంచి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగుతోంది. పగలు కొండ చేసే పనిని రాత్రి ఆ దీపం చేస్తుంది.

కొండను దూరం కొలవడానికే కాదు, చోటు గుర్తుపెట్టుకోవడానికీ వాడారు. ఒడ్డున ఉన్న గుడి గోపురమో, తాటిచెట్టో వెనకనున్న కొండ శిఖరంతో ఒకే వరుసలోకి వచ్చిందంటే అది ఒక గీత. ఇంకోవైపు ఇంకో రెండు గుర్తులు వరుసలోకి వస్తే అది రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోటే చేపలు పడే చోటు. కాగితం లేదు, పెన్సిలు లేదు. తాత తండ్రికి చెప్పాడు, తండ్రి కొడుక్కి చెప్పాడు.

మరి మంచు పట్టి కొండ కనబడకపోతే? చేతులు చాపి తాడును బారలతో కొలుస్తూ, కొసకు బరువు కట్టి నీళ్లలోకి వదులుతారు. ఎన్ని బారల లోతుందో, కింద ఇసుక ఉందో బురద ఉందో తెలిస్తే ఒడ్డు ఎంత దూరమో చాలావరకు తెలిసినట్టే. ప్రపంచంలో చాలాచోట్ల నావికులు ఈ పద్ధతి వాడారు. ఐరోపా ఓడల మీద సీసపు గుండుకు కొవ్వు రాసి వదిలేవారు. పైకి లాగాక దానికి అంటుకున్న మట్టిని చూసి ఏ తీరమో పోల్చుకునేవారు.

ఇంతవరకూ అంతా ఒడ్డును పట్టుకుని చేసే ప్రయాణమే. కొండ కూడా మునిగాక ఏం చేయాలన్నదే అసలు సమస్య.

ఒడ్డును వదిలిన చోటు

దాదాపు 1,900 ఏళ్ల కిందట అలెగ్జాండ్రియాలో టాలెమీ అనే పండితుడు ప్రపంచ భూగోళం రాశాడు. అందులో మన తూర్పు తీరం ఉంది. కృష్ణా గోదావరీ తీరాన్ని ఆయన మైసోలియా అన్నాడు. అక్కడి నుంచి కళింగ తీరం వైపు వస్తూ ఒక చోటును ప్రత్యేకంగా గుర్తించాడు. దాన్ని ‘అఫెటీరియన్’ అన్నాడు. అంటే బయల్దేరే చోటు. బంగారు భూమికి వెళ్లే ఓడలు అంతవరకూ ఒడ్డు వెంటే వచ్చి, అక్కడి నుంచి తీరాన్ని వదిలేసి నడిసముద్రంలోకి వెళ్లేవట. ఆ చోటు కచ్చితంగా ఎక్కడన్నది పండితులు ఇంకా తేల్చలేదు. కానీ ఒక్క సంగతి మాత్రం స్పష్టం. మన తీరం నుంచి మనుషులు అప్పటికే కొండను వెనక్కి వదిలేసి వెళ్లడం నేర్చుకున్నారు.

ఆ కాలపు శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. కృష్ణా జిల్లా ఘంటసాలలో దొరికిన ఒక శాసనం శివకుడనే ‘మహానావికుణ్ని’ పేర్కొంది. ఓడ నడిపేవాడికి అంత పెద్ద బిరుదు ఉందంటే ఆ విద్యకు సమాజంలో ఎంత గౌరవం ఉందో ఊహించుకోవచ్చు. ఓడల్లో సరుకులతోపాటు బౌద్ధమూ తీరం వెంట, తీరాలు దాటీ ప్రయాణించింది. అనకాపల్లి పక్కనే శంకరంలో ఉన్న బొజ్జన్నకొండ, లింగాలకొండ ఆ బౌద్ధ ప్రపంచంలోవే. సంఘారామం అన్న మాటే శంకరమైందంటారు.

బౌద్ధ గ్రంథాల్లో నావికుల కబుర్లు బోలెడు. ఓడలో పక్షిని పెంచుకుని తీసుకెళ్లేవారని దీర్ఘనికాయంలో ఉంది. ఒడ్డు ఎటో తెలియనప్పుడు పక్షిని వదిలితే అది పైకెగిరి నాలుగు దిక్కులూ చూస్తుంది. నేల కనిపిస్తే అటే పోతుంది, ఓడ దాని వెంట వెళ్తుంది. నేల కనిపించకపోతే తిరిగి ఓడ మీదే వాలుతుంది. రోమన్ రచయిత ప్లినీ కూడా సింహళ నావికుల గురించి ఇదే రాశాడు. ఈ రోజుల్లో దీన్ని డ్రోన్ అనుకోవచ్చు. కాకపోతే గింజలు వేస్తే చాలు, చార్జింగ్ అక్కర్లేదు!

గాలి కూడా ఒక పరికరమే. బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, అక్టోబరు నుంచి ఈశాన్య గాలి. నీటిలోని ప్రవాహం సైతం తీరం వెంట వానాకాలానికి ముందు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి నడుస్తుంది. ఏ గాలితో పోవాలి, ఏ గాలికి తిరిగి రావాలి అన్నది తెలియనివాడు వెళ్లగలడేమో గానీ రాలేడు.

గాలి ఎదురు తిరిగితే ఓడ ఎక్కడికో కొట్టుకుపోయేది. అలా పరాయి తీరానికి చేరిన ఓడలోని సరుకును ఆ తీరపు రాజులు స్వాధీనం చేసుకోవడం ఒకప్పటి ఆచారం. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఆ ఆచారానికి స్వస్తి చెప్పింది. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సొమ్ము ముట్టబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని రాజు మాటిచ్చాడు. ఎంతోమంది దారి తప్పబట్టే అలాంటి శాసనం అవసరమైంది.

రెండు పిడికిళ్ల ఎత్తు

కొండ లేనిచోట నావికుడు ఆకాశాన్ని పట్టుకున్నాడు. ఈ రాత్రి మేడ మీదికి వెళ్లి పిల్లలతో కలిసి ఒక చిన్న పని చేసి చూడొచ్చు. ఉత్తరం వైపు తిరిగి చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో దాదాపు పది డిగ్రీలను కప్పుతుంది. నింగీ నేలా కలిసే గీత మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకో పిడికిలి పెడితే, రెండోదాని పై అంచుకు కాస్త కిందుగా ధ్రువ నక్షత్రం ఉంటుంది. ఎందుకంటే అనకాపల్లి అక్షాంశం 17.7 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం ఎత్తు ఎంతో ఊరి అక్షాంశం కూడా రమారమి అంతే. కొలంబోలో ఆ నక్షత్రం ఒక్క పిడికిలి ఎత్తు కూడా ఉండదు.

అరబ్ నావికులు ఈ పిడికిలి లెక్కనే ‘కమాల్’ అనే పరికరంగా మార్చారు. చూస్తే నవ్వొచ్చేంత చిన్న వస్తువది. నలుచదరపు చెక్కముక్క, మధ్యలో బెజ్జం, అందులోంచి ముడులు వేసిన తాడు. తాడును పళ్లతో పట్టుకుని, చెక్క కింది అంచు సముద్రపు అంచుకూ పై అంచు నక్షత్రానికీ తగిలేలా జరుపుతారు. ఎన్నో ముడి దగ్గర కుదిరిందో చూస్తే ఎంత ఉత్తరంగా ఉన్నారో తెలుస్తుంది. కొలత పేరు ‘ఇస్బా’, అంటే వేలు. ఒక వేలు అంటే ఒక డిగ్రీ 36 నిమిషాలు. రేవుకో ముడి. ఇంటి రేవు ముడి ఏదో తెలిస్తే చాలు. ఆ ఎత్తుకు నక్షత్రం వచ్చేదాకా ఉత్తరానికో దక్షిణానికో వెళ్లి, అక్కడి నుంచి ఎత్తు మారకుండా తూర్పుకో పడమరకో సాగిపోతే ఇల్లు ఎదురొస్తుంది.

ఈ లెక్కను మన తీరానికి వేసి చూస్తే ఇంకా సరదాగా ఉంటుంది. అనకాపల్లి అక్షాంశం మీదే నక్షత్రం ఎత్తు మారకుండా నేరుగా తూర్పుకు పోతే తగిలేది బర్మాలోని అరకాన్ తీరం. ఒకప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలమంది కూలికోసం ‘రంగం’ వెళ్లారు. విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూన్‌లో దిగేవారు. ఆ రంగూన్‌కూ అనకాపల్లికీ ధ్రువ నక్షత్రం ఎత్తులో తేడా ఒక వేలు కూడా లేదు! ఊరు విడిచి అంత దూరం వెళ్లినవాళ్లకు రాత్రి ఆకాశం మాత్రం మన ఊళ్లోలాగే కనిపించి ఉంటుంది.

అయితే శాతవాహనుల నాటి నావికులకు ఈ సౌకర్యం లేదు. భూమి అక్షం బొంగరంలా నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి, ఇప్పుడు మనం ధ్రువ నక్షత్రమంటున్నది ఆ కాలంలో ఉత్తర ధ్రువానికి పది డిగ్రీలకు పైగా దూరంలో ఉండేది. వాళ్లు ధ్రువం చుట్టూ తిరిగే చుక్కలన్నిటినీ కలిపి దిక్కు పోల్చుకోవాల్సి వచ్చేది. ఏ చుక్క ఎక్కడ పొడుస్తుందో, ఎక్కడ కుంకుతుందో గుర్తుపెట్టుకునేవారు. పిల్లలకోడి, సప్తర్షులు, వేగుచుక్క... మనకు పొడుపు కథల్లో మిగిలిన పేర్లు. వాళ్లకవి ఊరి చిరునామాలు.

మబ్బు పట్టిన రాత్రి

చుక్కలకు ఒకటే లోపం. మబ్బు పడితే కనబడవు. సరిగ్గా మనిషికి దారి కావాల్సిన రాత్రే అవి ముఖం చాటేస్తాయి. ఆ లోటు తీర్చింది దిక్సూచి. చైనా నావికులు మబ్బు పట్టినప్పుడు సూదిని చూస్తారని దాదాపు 1119 నాటి చైనా గ్రంథమొకటి చెబుతోంది. గిన్నెడు నీళ్లలో తేలే ఇనుప చేప దక్షిణం వైపు తిరగడం గురించి 1232 ప్రాంతంలో పర్షియన్ రచయిత అవ్‌ఫీ రాశాడు.

దిక్కు తెలిసింది. ఎంత ఉత్తరాన ఉన్నామో తెలిసింది. ఎంత తూర్పున ఉన్నామన్నది మాత్రం ఇంకో అయిదు వందల ఏళ్లు తెలియలేదు. ఆ అజ్ఞానానికి మూల్యం ప్రాణాలే. 1707లో ఇంగ్లండ్ యుద్ధనౌకలు నాలుగు తమ చోటును తప్పుగా అంచనా వేసి సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకున్నాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఏడేళ్ల తర్వాత, 1714లో, ఈ చిక్కు విప్పినవారికి భారీ బహుమతి ఇస్తామని బ్రిటిష్ పార్లమెంటు చట్టమే చేసింది.

సమాధానం ఆకాశంలో కాక గడియారంలో దొరికింది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. అనకాపల్లి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది కాబట్టి, లండన్‌లోని గ్రీనిచ్ కన్నా సగటున 5 గంటల 32 నిమిషాల ముందు ఇక్కడ మిట్టమధ్యాహ్నమవుతుంది. నడిసముద్రంలో సూర్యుడు నడినెత్తికొచ్చిన క్షణాన, ఇంటి సమయం చూపించే గడియారం ఓడలో ఉంటే చాలు. తేడాను డిగ్రీలుగా మార్చుకుంటే ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

చెప్పడం తేలిక. ఊగే ఓడలో, ఉప్పుగాలిలో, ఎండలో చలిలో తప్పు నడవని గడియారం ఎక్కడిది? దాన్ని చేసినవాడు గొప్ప చదువులేవీ చదవలేదు. జాన్ హారిసన్ ఇంగ్లండ్‌లో ఒక వడ్రంగి. దశాబ్దాలు కష్టపడి 1759లో తన నాలుగో గడియారం పూర్తిచేశాడు. 1761లో ఓడలో జమైకాకు పంపితే, 81 రోజుల ప్రయాణంలో అది తప్పింది కేవలం 5 సెకన్లు. గడియారం నాలుగు నిమిషాలు తప్పితే మన అక్షాంశం దగ్గర 106 కిలోమీటర్లు తప్పినట్టే. దీన్ని బట్టి ఆ వడ్రంగి చేసిన పని విలువ అర్థమవుతుంది.

అరచేతిలో ఆకాశం

ఇప్పుడు పూడిమడకైనా, విశాఖ చేపలరేవైనా, మరబోటు సరంగు దగ్గర కమాల్ లేదు. జీపీఎస్ ఉంది. అదేదో మాయ అనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి పాత విద్యలే. ఆకాశంలో చుక్కల బదులు ఉపగ్రహాలు. హారిసన్ గడియారం బదులు ఉపగ్రహంలో అణు గడియారం. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి సంకేతం వచ్చి చేరడానికి పట్టిన సమయాన్ని కొలిచి చోటు చెబుతుంది. ఆ గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే చోటు 300 మీటర్లు తప్పుతుంది. 2000 మే నెలలో అమెరికా సాధారణ ప్రజలకు ఇచ్చే సంకేతంలో కావాలని కలిపిన తప్పును తీసేశాక, జీపీఎస్ నిజంగా అందరిదీ అయింది.

1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ నీటి వేడినీ నాచునూ ఉపగ్రహాలతో గమనించి, చేపలు ఎక్కడ ఉండొచ్చో మత్స్యకారులకు చెబుతోంది. రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో... తాతలు రెండు గీతలతో చెప్పిందే అంకెల్లో చెబుతోందన్నమాట. 2017లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు మత్స్యకారులను నడిసముద్రంలో ముంచెత్తాక, సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోటికీ హెచ్చరిక చేర్చే ‘జెమిని’ పరికరం 2019లో వచ్చింది. దేశంలో లక్ష వేట పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. ఒడ్డు ఎటో పడవకు తెలియడం ఒక ఎత్తు. పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలియడం ఇంకో ఎత్తు. ఇసుకలో నిలబడి ఎదురుచూసే ఇల్లాలికి ఆ రెండోదే ముఖ్యం.

కనిపించని గీత

అంతా బాగానే ఉంది కదా అనుకుంటే, సముద్రం మీద ఇప్పుడు ఇంకో కొత్త చిక్కు. నీళ్ల మీద గీతలు పుట్టాయి. కొండ కాదు, కెరటం కాదు, దేశాల మధ్య హద్దు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన తెలుగు మత్స్యకారులు 22 మంది ఆ గీత దాటారంటూ పాకిస్థాన్ చేతికి చిక్కారు. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపాక 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆ ఉదంతమే ఆధారం.

ఎన్ని చుక్కలు తెలిసినా ఆ గీత కనబడదు. ఏ పక్షినీ వదిలి దాన్ని కనిపెట్టలేం. దాన్ని చూపించగలిగింది యంత్రం ఒక్కటే. కాబట్టి ‘మా కాలంలో ఈ డబ్బాలెక్కడివి?’ అని పెద్దలు కొట్టిపారేయడానికి వీల్లేదు. అలాగని కుర్రాళ్లు డబ్బానే నమ్ముకుని కూర్చోవడానికీ వీల్లేదు. ఉప్పునీళ్లు పడితే డబ్బా పాడవుతుంది. బ్యాటరీ అయిపోతుంది. గాలి వాసన మారిందని, కెరటం రంగు తిరిగిందని, ఇక వల లాగేయాలని అది చెప్పదు.

ఇదివరకు వచ్చిన ఏ పరికరమూ పాతదాన్ని పూర్తిగా తోసేయలేదు. దిక్సూచి వచ్చాకా నావికులు చుక్కలు చూశారు. గడియారం వచ్చాకా సీసపు గుండు వదిలారు. ఉపగ్రహాలు తిరుగుతున్నా నావికాదళాల్లో కుర్రవాళ్లకు నక్షత్రాలతో చోటు పోల్చడం నేర్పుతూనే ఉన్నారు. అమెరికా నావికాదళ అకాడమీ ఒకసారి ఆ పాఠం ఆపేసి, 2015లో మళ్లీ మొదలుపెట్టింది.

మన తీరంలో మాత్రం ఆ పాఠానికి అకాడమీ లేదు, పుస్తకం లేదు. ఏ చెట్టు ఏ కొండతో కలిస్తే ఏ చేప, ఎన్ని బారల దగ్గర ఏ మట్టి, ఏ నెలలో నీరు ఎటు లాగుతుంది... అదంతా డెబ్భై, ఎనభై ఏళ్ల వాళ్ల జ్ఞాపకంలో ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. పడవలు ఒడ్డున, మనుషులు ఇళ్లలో ఉంటారు. తాత అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తుంటే పక్కనే మనవడు సెల్‌ఫోన్ పట్టుకుని ఉంటాడు. ఆ ఫోన్‌లో రికార్డు బటన్ నొక్కి ‘తాతా, కొండ మునిగాక నువ్వెలా వచ్చేవోడివి?’ అని అడిగితే చాలు. ఆ జవాబు ఏ ఉపగ్రహంలోనూ దొరకదు.